‘పరిశోధనలు చెబుతున్నాయి’ అనేవారిని అడగవలసిన ప్రశ్నలు



తెలుగు రాష్ట్రాల వెలుపల ఒక తెలుగు తరగతిని ఖాళీ చేయించడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు. రెండు మాటలు చాలు: “పరిశోధనలు చెబుతున్నాయి.” ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, వీధిలో ఇంకొక భాష అయితే పిల్లవాడి బుద్ధి గందరగోళంలో పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయట. హోసూరులోనూ, షోలాపూరులోనూ, బళ్ళారిలోనూ, బరంపురంలోనూ ఈ మాట తిరుగుతూనే ఉంది. చెప్పినవారు చదువుకున్నవారు గనుక తల్లి భయపడుతుంది. మరుసటి సంవత్సరం మన హాజరుపట్టీలో ఒక పేరు తగ్గుతుంది.

ఏ పరిశోధన? ఎవరు చేశారు? ఏ పిల్లల మీద చేశారు? ఏ భాషలో అడిగారు? ఎవరితో పోల్చారు? ఈ ప్రశ్నలు ఎవరూ వేయరు. ‘శాస్త్రం’ అన్న మాట వినగానే చేతులు కట్టుకొని నిలబడడం మనకు అలవాటైపోయింది. శాస్త్రమంటే ప్రశ్నలకు నిలబడేది. ప్రశ్న వేయకుండా తల ఊపేవాడు శాస్త్రాన్ని గౌరవించినట్లు కాదు.

ఈ వ్యాసంలో నేను వాదించదలచినది ఒక్కటే. మనస్తత్వశాస్త్ర గ్రంథాలలో పరిశోధన పద్ధతి ఒక అధ్యాయం, పరిశోధన నీతి మరొక అధ్యాయం. శిక్షణ కళాశాలలో మనం కూడా వాటిని విడివిడిగానే వల్లించాము. భాషాల్పసంఖ్యాక వర్గపు పిల్లల విషయంలో ఆ రెండింటి నడుమ గోడ లేదు. పిల్లవాడికి పట్టులేని భాషలో అతని తెలివిని కొలిస్తే అతనికి అన్యాయం జరుగుతుంది; వచ్చిన అంకె కూడా తప్పే అవుతుంది. నీతి తప్పిన చోట కొలత కూడా తప్పుతుంది. చరిత్ర పొడవునా ఇందుకు సాక్ష్యాలున్నాయి.

మనలను భయపెడుతున్న ఈ ‘గందరగోళం’ వాదానికి నూరేళ్ళు దాటాయి. 1923లో సేయర్ అనే పరిశోధకుడు వేల్స్‌లో 7 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలను సుమారు 1400 మందిని పరీక్షించి ఫలితాలు ప్రకటించాడు. గ్రామీణ ప్రాంతాలలో వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలు, ఇంగ్లీషు మాత్రమే మాట్లాడేవారికంటే ప్రజ్ఞాలబ్ధిలో దాదాపు 10 పాయింట్లు తక్కువగా ఉన్నారన్నాడు. రెండు భాషల వల్ల కలిగే మానసిక గందరగోళమే దీనికి కారణమన్నాడు. ఆ తీర్పు దశాబ్దాల తరబడి బడులలో చెల్లుబాటు అయింది.

అయితే అదే అధ్యయనంలో పట్టణపు పిల్లల మధ్య అటువంటి తేడా కనిపించలేదు. రెండు భాషలే బుద్ధిని మందగింపజేసేవైతే అవి పల్లెలో మాత్రమే ఆ పని చేసి, పట్టణంలో ఎందుకు ఊరుకున్నాయి? బహుశా తేడా భాషల సంఖ్యలో లేదు. పల్లె పిల్లవాడికి ఇంగ్లీషుతో ఎంత పరిచయముంది, ఇంట్లో పుస్తకం ఉందా, తండ్రి ఏ పని చేస్తాడు అన్న సంగతులలో ఉంది. ఒక దానితో మరొకటి కలిసి కనబడినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాబోదు. సహసంబంధం వేరు, కార్యకారణ సంబంధం వేరు అని మనం బి.ఇడి.లో రాసి మార్కులు తెచ్చుకున్నది ఈ సూత్రం గురించే. మార్కులు వచ్చాయి, సూత్రం మాత్రం వాడుకలోకి రాలేదు.

దీనిని మన ఊళ్ళకు అన్వయించి చూడండి. షోలాపూరులో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల తండ్రులలో మరమగ్గాల మీద పనిచేసేవారు ఎందరో ఉన్నారు. బీడీలు చుట్టి ఇల్లు నడిపే తల్లులు ఎందరో ఉన్నారు. ఆ పిల్లలను వేలకు వేలు రుసుము కట్టించుకునే ఆంగ్ల మాధ్యమ పాఠశాల పిల్లల పక్కన నిలబెట్టి మార్కులు పోల్చి, “చూశారా, తెలుగు మాధ్యమం ఫలితం!” అంటారు. అక్కడ పోల్చింది మాధ్యమాలను అనుకుంటున్నారా? తండ్రుల జీతాలను, ఇంట్లో దీపం కింద కూర్చోబెట్టి చదివించే తీరికను, ట్యూషను స్తోమతను పోల్చారు. దానికి భాష పేరు పెట్టారు.

సరైన పోలిక ఎలా ఉంటుందో చూపినవారు లేకపోలేదు. 1962లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు పదేళ్ళ పిల్లలను తీసుకొని, కుటుంబాల ఆర్థిక, సామాజిక స్థాయి ఒక్కటిగా ఉండేటట్లు చూసి, ఫ్రెంచి మాత్రమే తెలిసినవారిని, ఫ్రెంచి ఇంగ్లీషు రెండూ సమానంగా వచ్చినవారిని పోల్చారు. ద్విభాషా బాలలు మాటలతో చేసే పరీక్షలలోనూ, మాటలు అవసరం లేని పరీక్షలలోనూ ముందున్నారు. నలభై ఏళ్ళ తీర్పు తలకిందులైంది.

ఇంకా గొప్ప ఉదాహరణ మన పొరుగునే ఉంది. ఒడిశాలోని నాటి ఫుల్బనీ జిల్లాలో, అంటే నేటి కంధమాల్ ప్రాంతంలో, కోంధు గిరిజనులలో కొందరు తమ కుయి భాషతో పాటు ఒడియా మాట్లాడుతారు. అదే తెగకు చెందిన మరికొందరు కుయిని పోగొట్టుకొని ఒడియా ఒక్కటే మాట్లాడుతారు. తెగ ఒకటే, బతుకుతెరువు ఇంచుమించు ఒకటే. తేడా భాషలో ఉంది. ఆచార్య అజిత్ మొహంతి ఈ పరిస్థితిలోని విలువను గుర్తించి ఆ రెండు వర్గాల పిల్లలను పోల్చారు. కుయి నిలుపుకొన్న ద్విభాషా బాలలు అనేక బుద్ధి పరీక్షలలో మెరుగ్గా ఉన్నట్లు తేలింది. ఆ పరిశోధనల సారాంశాన్ని మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ 1994లో గ్రంథంగా ప్రచురించింది. కుయి మన తెలుగుకు దగ్గరి చుట్టం. ఒకే ద్రావిడ ఉపశాఖకు చెందినది. రాయగడలోనూ, బరంపురంలోనూ పాఠం చెప్పే మిత్రులైనా ఈ సంగతి తల్లిదండ్రులకు వివరించి చెప్పాలి.

ఇక్కడ మనవారికి కూడా ఒక మాట చెప్పక తప్పదు. “రెండు భాషలు నేర్చినవాడి మెదడు పదునెక్కుతుందని శాస్త్రం నిరూపించింది” అని మన సభలలో, కరపత్రాలలో ధారాళంగా రాస్తున్నారు. మాంట్రియల్ అధ్యయనం రెండు భాషలూ సమానంగా వచ్చిన పిల్లలనే ఏరుకుంది. తెలివైన పిల్లలే రెండు భాషలలో సమానంగా రాణించారా, లేక రెండు భాషల వల్ల తెలివి పెరిగిందా అన్నది దానితో తేలదు. ద్విభాషా ప్రయోజనం గురించి వెలువడిన కొన్ని ఫలితాలు, 2010 తరువాత ఎక్కువమందితో తిరిగి చేసిన అధ్యయనాలలో నిలబడలేదు. వాదం ఇంకా సాగుతూనే ఉంది. కనుక ‘గందరగోళం’ వాదానికి ఆధారం లేదని ఘంటాపథంగా చెప్పవచ్చు. ‘మేధావులవుతారు’ అన్న వాగ్దానం మాత్రం చేయరాదు. ఎదుటివారిని అడిగే ప్రశ్నలు మనలను మనం అడుగుకోకపోతే మన వాదమూ వ్యాపార ప్రకటనే అవుతుంది. తెలుగు చదువుకోవడానికి పిల్లవాడికి తెలివి పెరుగుతుందన్న సాకు అక్కరలేదు. అది వాడి ఇంటి భాష. భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. ఆ అధికరణంలో ప్రజ్ఞాలబ్ధి ప్రస్తావన లేదు.

ఇక కొలిచే సాధనం సంగతి. 1913 నుంచి హెన్రీ గొడార్డ్ అనే అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపంలో, ఓడ దిగిన వలసదారులను దుబాసీల సాయంతో బినే పరీక్షకు గురిచేయించాడు. తాను ఎంచిన నమూనాలోని యూదులు, ఇటాలియన్లు, హంగేరియన్లు, రష్యన్లలో ఇంచుమించు అయిదింట నాలుగు వంతులు మందబుద్ధులని 1917లో లెక్క తేల్చాడు. రోజుల తరబడి ఓడలో ప్రయాణించి, బెదిరిపోయి, పెన్సిలు కూడా పట్టి ఎరుగనివారు వారిలో ఉన్నారు. ఐదింట నలుగురు మందబుద్ధులన్న ఫలితం వచ్చినప్పుడు అనుమానించవలసింది మనుషులనా, సాధనాన్నా?

ఇది ఎప్పటిదో, ఎక్కడిదో అని తోసిపుచ్చకండి. బినే పరీక్షకు బొంబాయి-కర్ణాటక ప్రాంతంలో వి.వి. కామత్ చేసిన రూపాంతరం కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారైనది. బినే-కామత్ పరీక్ష పేరుతో అది నేటికీ మన దేశంలో వాడుకలో ఉంది. తన కాలానికి అది మెచ్చదగిన పని. ఇంగ్లీషు పరీక్షను గుడ్డిగా వాడకుండా స్థానిక భాషలకు తగినట్లు మార్చారు. కాని కన్నడ, మరాఠీ పిల్లలపై ఏర్పరచిన ప్రమాణాలను, ఆ ప్రశ్నలను అప్పటికప్పుడు నోటితో తెలుగులోకి మార్చి అడిగి, బళ్ళారి తెలుగు పిల్లవాడికో షోలాపూరు తెలుగు పిల్లవాడికో అంటగడితే అది ఆ పరీక్ష కానేకాదు.

“ప్రశ్న అదే కదా, భాష మారితే ఏమవుతుంది?” అంటారు. ఒక చిన్న లెక్క చూడండి. ఇటువంటి పరీక్షలలో అంకెలు చదివి వినిపించి, అదే వరుసలో తిరిగి చెప్పమంటారు. ఎన్ని అంకెలు గుర్తుంచుకుంటే అంత జ్ఞాపకశక్తి. ఇప్పుడు ఒకటి నుంచి తొమ్మిది దాకా తెలుగులో పలికి అక్షరాలు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది: మొత్తం 23 అక్షరాలు. మరాఠీలో ఏక్, దోన్, తీన్, చార్ అంటూ తొమ్మిది దాకా వెళితే పలికే అచ్చులు 11 మాత్రమే. ఇంగ్లీషులో 10. పలకడానికి ఎక్కువసేపు పట్టే మాటలు జ్ఞాపకంలో తక్కువ పడతాయి. 1980లో ఎల్లిస్, హెన్నెలీ అనే పరిశోధకులు వేల్స్‌లోనే దీనిని పరీక్షించారు. వెల్ష్ అంకెలు పలకడానికి ఇంగ్లీషు అంకెలకంటే ఎక్కువసేపు పడుతుంది. అందువల్ల అదే మనిషికి వెల్ష్‌లో గుర్తుండే అంకెలు తక్కువని చూపారు. మనిషి ఒకడే, మెదడు ఒకటే. భాష మారగానే ‘తెలివి’ తగ్గింది! మనం మరాఠీ ప్రమాణాన్ని తెలుగు అంకెల మీద ప్రయోగిస్తే జరిగేదీ ఇటువంటిదే. కొలవదలచినదానినే కొలవడాన్ని సప్రమాణత అంటారు. ఇక్కడ కొలిచింది ‘ఎనిమిది’ అన్న మాట పొడవును.

కొలత తప్పితే దిద్దుకోవచ్చు. పిల్లవాడి మనసుకు తగిలిన దెబ్బ దిద్దుబాటుకు లొంగదు. 1939లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వెండెల్ జాన్సన్ అనే ఆచార్యుని పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని ఒక అనాథ శరణాలయంలో 22 మంది పిల్లలపై ప్రయోగం చేసింది. నత్తి పుట్టుకతో రాదు, పెద్దలు ‘నీకు నత్తి’ అని పదే పదే అనడం వల్లనే స్థిరపడుతుంది అన్నది జాన్సన్ ఊహ. దానిని పరీక్షించడానికి మామూలుగా మాట్లాడే ఆరుగురు పిల్లలకు “నీ మాట తడబడుతోంది, సరిగా పలకలేకపోతే నోరు తెరవకు” అన్న ధోరణిలో నెలల తరబడి చెప్పారు. శరణాలయంలోని సిబ్బందికి సైతం అబద్ధమే చెప్పారు. ఆ పిల్లలలో పలువురు మాట్లాడడానికి జంకసాగారు, చదువులో మందగించారు. పరిశోధన వ్యాసం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉండిపోయింది. 2001లో ఒక పత్రిక దానిని బయటపెట్టాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం బాధితులకు 9,25,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అప్పటికి ఆ పిల్లలు ముదిమిలో ఉన్నారు.

అనాథలనే ఎందుకు ఎంచుకున్నారు? అడిగేవారు లేరు గనుక. పరిశోధన నీతికి మొదటి పాఠం ఇదే: అడిగేవారు లేనివారి దగ్గరకే తెగించినవారు వస్తారు. మన పిల్లలు అనాథలు కారు. కాని రాష్ట్రంలో మన భాష తెలిసిన అధికారి లేనప్పుడు, బడిలో ఇద్దరే ఉపాధ్యాయులున్నప్పుడు, తల్లిదండ్రులు ఉదయమే పనికి పోయినప్పుడు, అడిగేవారు ఎవరు?

ఆ ప్రయోగాన్ని చదివినప్పుడల్లా నాకు మన తరగతి గదులే గుర్తుకు వస్తాయి. “నీ ఉచ్చారణలో తెలుగు యాస ఉంది”, “నీ తెలుగు కూడా తెలుగు కాదు, అరవం కలిసింది” అని రెండు వైపులా దెబ్బలు తిన్న పిల్లవాడు ఏం చేస్తాడు? నోరు మూసుకుంటాడు. తరువాత సర్వే బృందం వచ్చి “మౌఖిక వ్యక్తీకరణ బలహీనం” అని రాసుకుంటుంది. పెద్దలు పెట్టిన ముద్రే పిల్లవాడి లక్షణంగా నమోదవుతుంది.

ముద్రకు ఎంత బలముందో 1968లో రోసెంథాల్, జాకబ్సన్ ప్రచురించిన అధ్యయనం చర్చకు పెట్టింది. ఒక ప్రాథమిక పాఠశాలలో పేర్లను యాదృచ్ఛికంగా తీసి, “ఈ పిల్లలు ఈ ఏడు బాగా వికసిస్తారని పరీక్షలో తేలింది” అని ఉపాధ్యాయులకు చెప్పారు. ఏడాది తరువాత, ముఖ్యంగా ఒకటి రెండు తరగతులలో, ఆ పిల్లల ప్రజ్ఞాలబ్ధి మిగిలినవారికంటే ఎక్కువగా పెరిగిందన్నారు. వారి కొలమానం మీద గట్టి విమర్శలు వచ్చాయి. ప్రభావం ఎంత అన్నది నేటికీ వివాదమే. నేను దానిని వేదవాక్యంగా చెప్పడం లేదు. కాని అబద్ధపు జాబితా ఉపాధ్యాయుని చూపును మార్చగలదన్న అనుమానం ఉన్నా చాలు, పిల్లల పేర్లతో మార్కుల జాబితాను గోడకు అంటించి పోయే ప్రతి బృందాన్నీ నిలదీయాలి.

“ఇంత తతంగం పెడితే ఇక పరిశోధనలే ఆగిపోతాయి” అని కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. ఆగవు. మంచివి మిగులుతాయి. “మాది పరిశోధన కాదు, కేవలం సర్వే” అని మరికొందరు తప్పుకుంటారు. పిల్లవాడిని ప్రశ్నించి, జవాబును అంకెగా మార్చి, దాని మీద తీర్పు చెబితే పేరు ఏదైనా బాధ్యత ఒకటే. భారతీయ వైద్య పరిశోధనా మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు ఆరోగ్య పరిశోధనల కోసం రాసినవే. అయినా వాటిలోని మూలసూత్రం బడికీ వర్తించదగినది. తల్లిదండ్రుల అనుమతి మాత్రమే చాలదు. గ్రహించే వయసు వచ్చిన పిల్లవాడి ఒప్పుదల కూడా తీసుకోవాలి. ప్రధానోపాధ్యాయుని సంతకం ఈ రెండింటికీ బదులు కాదు.

కాబట్టి మన బడి గడప తొక్కే ప్రతి పరిశోధకుడినీ, ‘పరిశోధనలు చెబుతున్నాయి’ అనే ప్రతి పెద్దమనిషినీ మర్యాదగా ఈ ప్రశ్నలు అడుగుదాం.

1. పిల్లలను ఎవరితో పోలుస్తున్నారు? ఆ రెండు వర్గాల ఇళ్ళు, ఆదాయాలు, తల్లిదండ్రుల చదువు సమానమేనా?

2. ఏ భాషలో అడుగుతున్నారు? ఆ ప్రశ్నపత్రాన్ని ఇక్కడి తెలుగు పిల్లలపై ముందుగా సరిచూశారా? విజయవాడ పుస్తకపు తెలుగు హోసూరు పిల్లవాడికి కొత్త కావచ్చు.

3. అనుమతి పత్రం తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో ఉందా? మాట్లాడేది తెలుగైనా చదవగలిగేది తమిళమో, కన్నడమో, ఒడియానో అయిన తల్లులు మనలో ఎందరో ఉన్నారు. చదవలేని తల్లికి చదివి వినిపించే ఏర్పాటు ఉందా?

4. వద్దన్నా, మధ్యలో మానుకున్నా పిల్లవాడికి నష్టం లేదని వాడికే చెప్పారా?

5. ఎంతమందిని పరీక్షించారు? తరగతిలో 11 మంది ఉండి ముగ్గురు తప్పితే ‘27 శాతం వైఫల్యం’ అని రాస్తారు. ముగ్గురు అని రాస్తే ఎవరూ పత్రికకు ఎక్కించరు.

6. పేరు రాయకపోతే గోప్యత దక్కుతుందా? నలుగురే ఆడపిల్లలున్న తరగతిలో ‘8వ తరగతి బాలిక, తండ్రి నేతపని’ అంటే ఊరంతా గుర్తుపడుతుంది.

7. ఫలితాన్ని తిరిగి మాకు ఎప్పుడు చెబుతారు? మా తల్లిదండ్రుల ముందు, మా భాషలో చెబుతారా?

ఈ ఏడింటికీ సూటిగా జవాబు చెప్పేవారికి మన తలుపులు బార్లా తెరిచి ఉంచుదాం. మన పిల్లల గురించి మంచి పరిశోధనలు ఎంతో అవసరం. మూడు భాషల నడుమ పెరుగుతున్న పిల్లవాడు చదవడం ఎలా నేర్చుకుంటున్నాడో, ఎక్కడ తడబడుతున్నాడో మనకూ తెలియాలి. జవాబు చెప్పనివారికి, సమయం లేదని విసుక్కునేవారికి, “పై నుంచి అనుమతి ఉంది” అని కాగితం ఊపేవారికి చెప్పవలసినది కూడా ఒక్కటే: అయ్యా, ఆ కాగితంతో మీరు బడిలోకి రావచ్చునేమో గాని, దాని వల్ల మీ కొలత సరైనది కాబోదు. మా పిల్లవాడిని మీరు ఇంకా అడగలేదు.